నెబ్రాస్కాలో టర్కీ వేట: జనవరిలో మొదలుపెట్టాల్సిన పని

మీరు అడిగింది ఇదీ. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్న ముగ్గురు మిత్రులు మీరు. ఇద్దరు హెచ్-1బి మీద ఉన్నారు, ఒకరికి గ్రీన్ కార్డ్ ఉంది. టెక్సస్ హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు అయిపోయింది, సెప్టెంబర్‌లో గువ్వల వేటకి వెళ్ళొచ్చారు. వచ్చే వసంతంలో వారం సెలవు పెట్టి వేరే రాష్ట్రానికి, వీలైతే నెబ్రాస్కాకి, టర్కీ కోడి (సీమకోడి) వేటకి వెళ్ళాలనుకుంటున్నారు. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, గైడ్ కావాలా, తుపాకులు కారులో తీసుకెళ్ళొచ్చా, వీసాతో ఏమైనా ఇబ్బందా అన్నవి మీ సందేహాలు.

చాలామంది ఈ ట్రిప్పుని మోటెల్ బుకింగ్‌తో మొదలుపెడతారు. పర్మిట్ చేతికి రాకముందు మోటెల్‌తో పని లేదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాగితాల దగ్గర, మ్యాపు ముందు మీరు పెట్టే సమయమే ఈ వేటలో ఎక్కువ భాగాన్ని తేల్చేస్తుంది. నేను కాన్సాస్ సిటీ దగ్గర ఉంటాను, చుట్టుపక్కల రాష్ట్రాలకి వసంతంలో వెళ్ళడం నాకు చాలాకాలంగా అలవాటు. ఈ మాట ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందు వీసా సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మన వాళ్ళలో చాలామందికి ఇది తెలియదు, తెలిసినవాళ్ళకి సగమే తెలుసు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, అమ్మానాన్నలు వచ్చే బి-2 అన్నీ దీని కిందికే వస్తాయి. మీలాంటి వాళ్ళకి పనికొచ్చే మినహాయింపు ఒకటుంది: అమెరికాలో ఏదైనా రాష్ట్రం చట్టప్రకారం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. మీ టెక్సస్ లైసెన్స్ ఆ పని చేస్తుంది. గ్రీన్ కార్డ్ ఉన్న మిత్రుడికి ఈ నిషేధం వర్తించదు, ఆయనకి వేట కోసం లైసెన్స్ ఉంటే చాలు.

ఇక్కడ జనం పట్టించుకోని విషయం గడువు. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న కొత్త లైసెన్స్ లేకుండా హెచ్-1బి మనిషి అల్మరాలో షాట్‌గన్ ఉంటే, ఆయన ఆ ఏడాది వేటకి వెళ్తాడా లేదా అన్నదానితో పని లేదు, అది ఫెడరల్ నేరం. తుపాకీ లేకుండా ఒక షెల్ల (షాట్‌గన్ తూటాల) డబ్బా మాత్రమే ఉన్నా అంతే. ఇలాంటి కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేసే దాకా వెళ్ళొచ్చు. కొత్త లైసెన్సులు ఆగస్టు 15 నుంచి అమ్ముతారు కాబట్టి ఆ వారంలోనే కొనేసి, కాపీ ఒకటి తుపాకీ పెట్టెలో, ఇంకోటి ఫోన్‌లో ఉంచుకోండి. ఇంటికొచ్చిన నాన్నగారికి సరదాగా ఫొటో కోసం తుపాకీ చేతికివ్వడం కూడా వద్దు. లైసెన్స్ లేని మిత్రుడు చూడ్డానికి వస్తానంటే రానివ్వండి, కానీ తుపాకీ మోయమని, తూటాలు పట్టుకోమని అడగకండి. గ్రీన్ కార్డ్ దరఖాస్తు నడుస్తున్నవాళ్ళు బయలుదేరే ముందు తమ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక మాట అడగడం మంచిది. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు, లైసెన్స్ సరిగ్గా ఉంటే చట్టం మీ వైపే ఉంటుంది.

దారి గురించి. డాలస్ నుంచి ఓక్లహోమా, కాన్సాస్ మీదుగా వెళ్తారు. తుపాకీలో తూటా ఉండకూడదు. తుపాకీ, తూటాలు రెండూ కూర్చున్న చోటు నుంచి చేతికి అందకూడదు. డిక్కీ విడిగా లేని ఎస్‌యూవీ అయితే తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టాలి, గ్లోవ్ బాక్స్ గానీ మధ్యలో ఉండే కన్సోల్ గానీ లెక్కలోకి రాదు. ఇలా తీసుకెళ్ళేవాళ్ళకి రాష్ట్రాలు దాటేటప్పుడు ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. విమానంలో వెళ్తే తాళం వేసిన గట్టి కేసులో ఖాళీ తుపాకీ పెట్టి, కౌంటర్ దగ్గర చెప్పి, చెక్-ఇన్ లగేజీలోనే ఇవ్వాలి. ముగ్గురికి మాత్రం కారే నయం. ఐస్ పెట్టెలు, బూట్లు, అడవిలో కలిసిపోయే రంగుల క్యామో బట్టలు అన్నీ పడతాయి, తిరుగు ప్రయాణంలో మాంసం గురించి దిగులు ఉండదు.

ఇప్పుడు పర్మిట్. ఒకప్పుడు నెబ్రాస్కాలో బయటివాళ్ళు సరిహద్దు దాటాక గ్యాస్ స్టేషన్‌లో నిలబడి ఫోన్‌లో పర్మిట్ కొనేవాళ్ళు. టర్కీల సంఖ్య బాగా పడిపోవడంతో 2024 వసంతం నుంచి బయటి రాష్ట్రాల వాళ్ళకి 10,000 పర్మిట్లే అని పరిమితి పెట్టారు. అమ్మకం జనవరిలో మొదలవుతుంది. వేట వ్యవహారాలు చూసే నెబ్రాస్కా గేమ్ అండ్ పార్క్స్ శాఖ సైట్‌లో ముందే ఖాతా తెరిచి, అమ్మకం తెరిచిన రోజునే ముగ్గురూ కొనేయండి. పర్మిట్‌తో పాటు హ్యాబిటాట్ స్టాంప్ (వన్యప్రాణుల ఆవాసాల కోసం కట్టే రుసుము) కూడా తప్పనిసరి. రెండూ కలిపి మనిషికి 150 డాలర్ల చుట్టుపక్కల అవుతుంది, ఏటా కొంచెం మారొచ్చు. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఏ రాష్ట్రానిదైనా మామూలుగా అన్నిచోట్లా ఒప్పుకుంటారు. మీలో 30 ఏళ్ళ లోపు వాళ్ళెవరైనా ఉంటే నెబ్రాస్కాలో తుపాకీతో వేటాడేటప్పుడు అది దగ్గర ఉండి తీరాలి. వయసుతో పని లేకుండా ముగ్గురూ జేబులో పెట్టుకోండి.

నెబ్రాస్కా పర్మిట్ దొరక్కపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. కాన్సాస్ 2025 నుంచి బయటివాళ్ళ వసంత టర్కీ పర్మిట్లని లాటరీ లాంటి డ్రాలో పెట్టింది, శీతాకాలంలో దరఖాస్తు చేయకపోతే ఆ ఏడాదికి తలుపు దాదాపు మూసుకున్నట్టే. మీకు అసలు దగ్గర ఓక్లహోమా. అక్కడ సీజన్ ఏప్రిల్ 16 నుంచి మే 16 దాకా, మనిషికి ఒక్క పుంజు. పడమటి ఓక్లహోమాలో షయాన్ ఊరి దగ్గర బ్లాక్ కెటిల్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ ఉంది, డాలస్ నుంచి అయిదు గంటల ప్రయాణం. అక్కడ ఉండేవి మీ టెక్సస్‌లో ఉండే రియో గ్రాండే రకమే. సెలవు నాలుగు రోజులకి తగ్గిపోయిందంటే నెబ్రాస్కా ఆలోచన మానేసి అక్కడికే వెళ్ళండి. పోనూ రానూ రెండు రోజులు కారులో గడిపి, రెండు పొద్దులు వేటాడి రావడంలో అర్థం లేదు.

మిస్సోరి గురించి కూడా ఎవరైనా చెబుతారు. తూర్పు రకం టర్కీకి పేరున్న రాష్ట్రమే, మార్క్ ట్వెయిన్ నేషనల్ ఫారెస్ట్ 15 లక్షల ఎకరాల దాకా ఉంటుంది. కానీ అక్కడ పబ్లిక్ నేల మీద మధ్యాహ్నం 1 గంటకి వేట ఆపేయాలి, పుంజులు కూడా మనుషుల్ని బాగా చూసి ముదిరినవి. మొదటి ట్రిప్పుకి నేను చెప్పను.

తేదీలు. నెబ్రాస్కాలో షాట్‌గన్ సీజన్ ఏప్రిల్ మధ్యలో మొదలై మే 31 దాకా నడుస్తుంది. అందరూ మొదటి వారానికి ఎగబడతారు. మీరు మే మొదటి పది రోజుల్లో వెళ్ళండి. దీనికి కారణం పక్షుల దగ్గరే ఉంది. ఏప్రిల్‌లో పుంజు చుట్టూ పెట్టలు గుంపుగా ఉంటాయి. పెట్ట కూత లాంటి శబ్దం చేసే చెక్క పెట్టె, బాక్స్ కాల్‌తో మీరు ఎంత తీయగా పిలిచినా, కళ్ళెదుట పెట్టలుండగా కనిపించని పెట్ట కోసం అది రాదు. చెట్టు మీద నుంచి గట్టిగా కూస్తుంది, కిందికి దిగుతుంది, పెట్టల వెంట వెళ్ళిపోతుంది. మే వచ్చేసరికి పెట్టలు గుడ్ల మీద కూర్చోవడం మొదలుపెడతాయి. పొద్దున్న 9 దాటాక పుంజు ఒంటరిగా మిగిలి తిరుగుతుంటుంది. అప్పుడు మీ కాల్ వింటే అటు వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది. ఇంకో లాభం వాతావరణం. పడమటి నెబ్రాస్కాలో ఏప్రిల్‌లో మంచు తుఫాను రావడం వింతేమీ కాదు. మేలో దాని బదులు ఉరుములు, వడగళ్ళు, అప్పుడప్పుడు టోర్నడో హెచ్చరికలు ఉంటాయి. అందుకే ఒక రోజు పోయినా ఇంకో రోజు ఉండేలా కనీసం నాలుగు పూర్తి వేట రోజులు పెట్టుకోండి.

ఎక్కడికి వెళ్ళాలన్నది మీ ప్రశ్నల్లో అన్నిటికన్నా పెద్దది. నెబ్రాస్కాలో 97 శాతం నేల ప్రైవేటుదే. కాబట్టి పబ్లిక్ నేల ఎక్కడ కుప్పగా ఉందో అక్కడికి వెళ్ళడమే తెలివి. నా ఓటు వాయవ్య మూలన ఉన్న పైన్ రిడ్జ్‌కి. షాడ్రన్, క్రాఫర్డ్ ఊళ్ళ మధ్య పాండరోసా పైన్ చెట్లతో, తెల్లటి రాతి గుట్టలతో ఉండే ప్రాంతం. నేషనల్ ఫారెస్ట్ నేల ఉంది, ఉత్తరాన ఓగ్లాలా నేషనల్ గ్రాస్‌ల్యాండ్ ఉంది, క్రాఫర్డ్ పక్కనే ఫోర్ట్ రాబిన్సన్ స్టేట్ పార్క్ ఉంది. లకోటా అనే ఆదివాసీ తెగ నాయకుడు క్రేజీ హార్స్‌ని 1877లో చంపింది ఆ ఫోర్ట్‌లోనే. గాలి ఎక్కువైన మధ్యాహ్నం అక్కడి మ్యూజియంలో ఒక గంట గడపండి, మీరు నడుస్తున్న నేల ఎవరిదో తెలుసుకుని నడవడం మంచిది.

అక్కడ ఉండేవి మెరియమ్స్ రకం, తోక అంచు తెల్లగా మెరుస్తుంది. ఇవి అక్కడ మొదటి నుంచీ ఉన్నవి కావు. 1959లో సౌత్ డకోటా, వయోమింగ్ నుంచి 28 పక్షుల్ని తెచ్చి పైన్ రిడ్జ్‌లో వదిలారు, ఇప్పుడు అక్కడ కూసేవన్నీ ఎక్కువగా వాటి సంతతే. అమెరికా అంతటా ఇలాగే జరిగింది. 20వ శతాబ్దం మొదట్లో టర్కీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. వలలతో పట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించి మళ్ళీ పెంచారు. 1937లో వచ్చిన పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్ళు, షాట్‌గన్లు, తూటాల మీద వసూలయ్యే 11 శాతం ఎక్సైజ్ పన్ను ఇలాంటి పనులకే వెళ్తుంది. మీరు కొనే ప్రతి షెల్ల డబ్బాలో ఆ వాటా ఉంది. నెబ్రాస్కాలో పర్మిట్లు తగ్గించారని కోపం తెచ్చుకునే వాళ్ళని చూశాను. నాకు మాత్రం ఆ నిర్ణయం నచ్చింది. పక్షులు తగ్గుతుంటే ముందు తగ్గాల్సింది బయటి నుంచి వచ్చే మనమే.

పైన్ రిడ్జ్ మరీ దూరమనిపిస్తే దారిలోనే హాల్సీ ఉంది. నెబ్రాస్కా నేషనల్ ఫారెస్ట్‌లో బెస్సీ రేంజర్ డిస్ట్రిక్ట్ అంటారు. శాండ్‌హిల్స్ ఇసుక దిబ్బల మధ్య మనుషులు చేత్తో నాటిన అడవి. చార్ల్స్ బెస్సీ అనే వృక్ష శాస్త్రవేత్త పట్టుబట్టగా 1902లో ప్రభుత్వం మొదలుపెట్టింది. 2022 అక్టోబర్‌లో బోవీ ఫైర్ అనే మంట ఒక భాగాన్ని కాల్చేసింది. వెళ్ళే ముందు ఫారెస్ట్ సర్వీస్ ఆఫీసుకి ఫోన్ చేసి ఏ రోడ్లు తెరిచి ఉన్నాయో అడగండి. ఫోన్‌లో వాళ్ళు ఓపిగ్గా చెబుతారు, మనవాళ్ళు ఇమెయిల్ పంపి ఎదురుచూస్తూ కూర్చుంటారు. స్థానిక గేమ్ ఆఫీసర్‌కి (వేట నియమాలు చూసే అధికారికి) కూడా ఫోన్ చేయొచ్చు. “టర్కీలు ఎక్కడున్నాయి” అని కాకుండా, “ఈ మూడు చోట్లలో మే మొదటి వారంలో రద్దీ ఎక్కడ తక్కువ” అని అడగండి. పని చేసి వచ్చిన ప్రశ్నకి పనికొచ్చే జవాబు వస్తుంది.

మ్యాపు పని ఫిబ్రవరిలో చేయండి. ఆన్‌ఎక్స్ లాంటి యాప్‌లో ఎవరి నేల ఎంతవరకో గీతలతో కనిపిస్తుంది. నెబ్రాస్కా వాళ్ళ పబ్లిక్ యాక్సెస్ అట్లాస్ ఉచితం, అందులో ఓపెన్ ఫీల్డ్స్ అండ్ వాటర్స్ కింద రైతులు నడిచి వెళ్ళనిచ్చే ప్రైవేటు నేలలు కూడా ఉంటాయి. నీళ్ళు, రాత్రి నిద్రకి పెద్ద చెట్లు, పొద్దున్న దిగి మేయడానికి గడ్డి మైదానం, ఈ మూడూ ఒకదాని పక్కన ఒకటి ఉన్న చోట్లు వెతకండి. రోడ్డు నుంచి మైలు పైన ఉన్నవాటికి ఎక్కువ మార్కులు వేయండి. ఆరు చోట్లు గుర్తుపెట్టుకోండి, కానీ అన్నీ ఒక ఊరి చుట్టూ అరగంట దూరంలోనే ఉండాలి. రోజుకో జిల్లా మారేవాళ్ళు వారమంతా కారు నడపడమే చేస్తారు. ఒకే లోయలో మూడు రోజులు తిరిగినవాడికి పుంజు పొద్దున్న ఎటు దిగుతుందో, పదింటికి ఎక్కడ ఎండ కాచుకుంటుందో తెలిసిపోతుంది. కొండల మధ్య సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ఆఫ్‌లైన్‌లో దించుకోండి. షాడ్రన్ వైపు టైము మౌంటెన్ జోన్‌ది, ఫోన్ అటూ ఇటూ మారుతుంది. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చడానికి అనుమతి, సూర్యాస్తమయంతో ఆపాలి. అక్కడి సమయంతోనే లెక్కపెట్టుకోండి.

ప్రైవేటు నేల మీదకి బోర్డు ఉన్నా లేకపోయినా అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు, నెబ్రాస్కా చట్టం అదే. అడగాలనుంటే మధ్యాహ్నం పూట, మామూలు బట్టల్లో, ఒక్కరే తలుపు తట్టండి. తుపాకులు కారులోనే ఉండాలి. పేరు, ఊరు, ఎన్ని రోజులుంటారో చెప్పండి. వాళ్ళు వద్దంటే థాంక్స్ చెప్పి వెనక్కి రండి. చిన్న ఊళ్ళలో మన ముఖాలు కొత్తగా కనిపిస్తాయి, నిజమే. ముందు మనమే నవ్వి పలకరిస్తే చాలావరకు ఆ కొత్తదనం అక్కడితో పోతుంది. ఆవుల గేటు ఎలా ఉంటే అలాగే వదలండి, తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి.

గైడ్ కావాలా అంటే, మీరు ముగ్గురున్నారు, ఓపిక ఉంది, పబ్లిక్ నేల ఉంది, నా లెక్కలో అక్కర్లేదు. గైడ్‌కి మనిషికి వెయ్యి డాలర్ల పైమాటే. ఆ డబ్బుతో పక్షి తొందరగా దొరకొచ్చు, కానీ ఎలా వెతకాలో మీకు రాదు. ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి తీసుకెళ్ళాలి, నడవలేరు అనుకుంటే మాత్రం గైడ్ మంచి ఖర్చే.

తుపాకీ మాటకొస్తే, గువ్వల కోసం కొన్న 12 గేజ్ షాట్‌గన్ సరిపోతుంది, ఆ తూటాలు మాత్రం పనికిరావు. గువ్వలకి వాడే 7½, 8 సైజు గుళ్ళు టర్కీని గాయపరుస్తాయి, చంపవు. సీసం అయితే 4, 5 లేదా 6 సైజు టర్కీ షెల్స్, చోక్ (గుళ్ళు ఎంత చెదరాలో తేల్చే గొట్టం చివరి ఇరుకు) ఫుల్ గానీ టర్కీ చోక్ గానీ ఉండాలి. టంగ్‌స్టన్‌తో చేసే టీఎస్ఎస్ షెల్స్ సీసం కన్నా చాలా బరువైనవి, చిన్న గుళ్ళు కూడా లోతుకి దిగుతాయి. ధర కూడా అలాగే ఉంటుంది, మొదటి ఏడాదికి అవసరం లేదు. కాల్చాల్సింది తల, మెడ మీదే, ఒంటి మీద కాదు. మార్చిలో రేంజ్‌కి వెళ్ళి 20, 30, 40 గజాల దగ్గర కాగితం మీద కాల్చి చూడండి. పది అంగుళాల వృత్తంలో వంద గుళ్ళు పడాలన్నది వేటగాళ్ళు పాటించే లెక్క. అది మీ తుపాకీలో 30 గజాలకే ఆగిపోతే మీ హద్దు 30 గజాలు. అడవిలో కూర్చోగానే ఆ దూరంలో ఉన్న ఒక చెట్టుని గుర్తుపెట్టుకోండి, పుంజు దాన్ని దాటి లోపలికి వస్తేనే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలి. గాయపడి ఎగిరిపోయిన పక్షి కన్నా కాల్చకుండా వదిలిన పక్షి మేలు.

పిలవడం గురించి కంగారు పడొద్దు. నోట్లో పెట్టుకునే డయాఫ్రమ్ కాల్ నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. మొదటిసారికి బాక్స్ కాల్ ఒకటి, పలక మీద పుల్లతో గీసి శబ్దం చేసే స్లేట్ కాల్ ఒకటి చాలు. పెట్ట చేసే మామూలు యెల్ప్, మెల్లగా చేసే క్లక్, మేస్తూ చేసే పర్ శబ్దం, ఈ మూడూ వస్తే మే నెలకి సరిపోతుంది. కొత్తవాళ్ళందరూ ఎక్కువ పిలుస్తారు. పుంజు బదులిచ్చి దగ్గరికి వస్తుంటే కాల్ కింద పెట్టేసి నిశ్శబ్దంగా ఉండండి. అది మీరెక్కడున్నారో కాల్ విన్న క్షణంలోనే కనిపెట్టేసింది.

రోజు ఇలా గడుస్తుంది. సాయంత్రం చీకటి పడే ముందు గుట్ట మీద నిలబడి గుడ్లగూబ కూత లాంటి శబ్దం చేయండి. చెట్టెక్కిన పుంజు ఉలిక్కిపడి కూస్తుంది, అది పడుకున్న చోటు తెలిసిపోతుంది. మర్నాడు చీకట్లోనే అక్కడికి 150 గజాల దాకా లైటు వేయకుండా చేరి, మీ భుజాల కన్నా వెడల్పైన చెట్టుకి వీపు ఆనించి కూర్చోండి. వెలుతురు రాగానే రెండు మూడు మెత్తటి పిలుపులు, అంతే. అది పెట్టల వెంట వెళ్ళిపోతే దిగులు పడకండి, 9 నుంచి మధ్యాహ్నం దాకా అటువైపే నెమ్మదిగా నడుస్తూ, ఆగుతూ, పిలుస్తూ తిరగండి. మేలో నాకు నచ్చిన సమయం అదే. తెల్లారి ఉన్న వేటగాళ్ళ గుంపంతా అల్పాహారానికి ఊళ్ళోకి వెళ్ళిపోయి ఉంటుంది. గాలి ఎక్కువ ఉన్న రోజు మీ పిలుపు దానికి వినపడదు, దాని కూత మీకు వినపడదు. గాలికి చాటున్న లోయల్లో కూర్చోండి.

ఈ వేటలో మనుషులు చనిపోయేది ఎక్కువగా ఒకర్ని ఒకరు టర్కీ అనుకుని కాల్చడం వల్ల. అందరూ క్యామోలో ఉంటారు, అందరూ పెట్టలా కూస్తుంటారు. పుంజు తల ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉంటుంది. ఆ రంగులు మీ ఒంటి మీద ఎక్కడా కనిపించకూడదు, తెల్ల సాక్సులు, బనియన్ అంచు, చేతిరుమాలు కూడా. కూత వినపడ్డ వైపు పాకుతూ వెళ్ళకండి, అది ఇంకో మనిషి కావచ్చు. ఎవరైనా మీ వైపు వస్తుంటే చెయ్యి ఊపొద్దు, కదలకుండా గట్టిగా “హలో” అని అరవండి. తోక ఈకల విసనకర్ర పట్టుకుని దాని చాటున పాకే పద్ధతి వీడియోల్లో చూసే ఉంటారు, పబ్లిక్ నేల మీద అది ప్రాణానికి తెగించడమే. పుంజుని రప్పించడానికి పెట్టే బొమ్మ పెట్టని గానీ చంపిన పక్షిని గానీ మోసుకెళ్ళేటప్పుడు దాన్ని నారింజ రంగు గుడ్డతో కప్పండి. ముగ్గురూ ఒకే చెట్టు దగ్గర కూర్చోవద్దు. ఇద్దరు ఒక జట్టు, ఒకరు పిలవడానికి, ఒకరు కాల్చడానికి. మూడో మనిషి వేరే లోయలో ఉండాలి. ఎవరెక్కడో బయలుదేరే ముందే మ్యాపు మీద తేల్చుకుని, ఆ పూట దాన్ని మార్చకండి.

పిడుదులు విపరీతంగా ఉంటాయి. బట్టలకి, బూట్లకి పెర్మెత్రిన్ వారం ముందే కొట్టి ఆరబెట్టుకోండి. ఒంటికి అది రాయకూడదు. రోజూ రాత్రి స్నానం చేసి ఒళ్ళంతా వెతుక్కోండి. కాన్సాస్, ఓక్లహోమా, మిస్సోరిల్లో కనిపించే లోన్ స్టార్ రకం పిడుదు కుట్టడం వల్ల కొందరికి మాంసం పడకుండా పోతుంది, మటన్ తిన్న కొన్ని గంటలకి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, ఊపిరి ఆడకపోవడం దాకా వెళ్ళొచ్చు. కోడి, టర్కీ తినొచ్చు, మటన్ బిర్యానీకి మాత్రం దూరమే. మనలాంటి వాళ్ళకి ఇది చిన్న నష్టం కాదు. పైన్ రిడ్జ్‌లో మే నెలలో ఎండ కాసే రాళ్ళ మీద గిలక పాములు కూడా ఉంటాయి, కూర్చునే చోటు ముందు కర్రతో కదిపి చూడండి.

వసంతంలో కాల్చడానికి అనుమతి ఉన్నది మామూలుగా మగవాటికి, లేదా రొమ్ము మీద ఈకల కుచ్చు ఉన్నవాటికి. ఆ కుచ్చుని బియర్డ్ అంటారు, అక్కడక్కడ పెట్టలకి కూడా ఉంటుంది. మీ పర్మిట్ మీద ఏ మాట రాసి ఉందో చదివి పెట్టుకోండి. ఏడాది వయసు పుంజుని జేక్ అంటారు, విసనకర్రలా విప్పిన తోకలో మధ్య ఈకలు మిగతావాటి కన్నా పొడుగ్గా పొడుచుకొస్తాయి. చట్టం ఒప్పుకుంటుంది కానీ, వదిలేస్తే వచ్చే ఏడాది అదే లోయలో అది పెద్ద పుంజు అవుతుంది. మొదటి ట్రిప్పులో చివరి రోజు జేక్‌ని కాల్చినా నేను తప్పు పట్టను.

పక్షి పడగానే ముందు పర్మిట్ మీద ట్యాగింగ్ పూర్తి చేయండి, ఫొటోలు తర్వాత. ఆ రాష్ట్రం ఫోన్‌లో గానీ సైట్‌లో గానీ రిపోర్ట్ చేయమంటే గడువులోపల చేసి, వచ్చిన నంబర్ రాసుకోండి. ఇల్లు చేరేదాకా బియర్డ్ గానీ ముల్లున్న కాలు గానీ మాంసంతో కలిపే ఉంచండి, దారిలో ఆఫీసర్ ఆపితే మగదని చూపించాలి. తప్పుగా చంపిన దాన్ని రాష్ట్రం దాటించడం 1900 నాటి లేసీ చట్టం కింద విడిగా ఫెడరల్ నేరం. మాంసం స్నేహితులకి ఊరికే ఇవ్వొచ్చు, అమ్మకూడదు.

మే ఎండలో గంటలోపే పేగులు తీసేసి, కడుపులో ఐస్ సంచి పెట్టి కూలర్‌లో వేయండి. ఐస్ నీళ్ళలో మాంసం నానకుండా అడుగున నీళ్ళు వదిలేస్తూ ఉండాలి. చాలామంది రొమ్ము మాంసం కోసుకుని కాళ్ళు పారేస్తారు, అది నాకు నచ్చదు. అడవి టర్కీ కాళ్ళలో పుల్లల్లా గట్టి నరాలుంటాయి, మామూలుగా వేయిస్తే నమలలేం. తొడలు, కాళ్ళు ప్రెషర్ కుక్కర్‌లో అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు వేసి మెత్తగా ఉడికేదాకా ఉంచండి. నాటుకోడి కన్నా ఎక్కువసేపు పడుతుంది. నరాలు లాగేసి, ఆ నీళ్ళతోనే గోంగూర వేసి పులుసు పెట్టండి. రొమ్ముకి కొవ్వు ఉండదు, అడ్డంగా సన్నటి ముక్కలు కోసి పెరుగులో నానబెట్టి ఎక్కువ మంట మీద కాసేపు వేపితే చాలు, మరీ వేగితే గట్టిపడుతుంది. కందనకాయ, కార్జం మోటెల్‌లోనే మొదటి రాత్రి వేయించుకోండి, ఒక చిన్న కరెంటు స్టవ్ కారులో పెట్టుకుని వెళ్ళండి. వడ్డించే ముందు ముక్కల్ని వేళ్ళతో నొక్కి చూడండి, గుళ్ళు ఉండిపోయి పళ్ళు విరుగుతాయి, పిల్లలకి పెట్టేటప్పుడు మరీ జాగ్రత్త.

జనవరిలో పర్మిట్లు దొరికాక మీరు గుర్తుపెట్టుకున్న ఆరు చోట్లూ నాకు పంపండి. పైన్ రిడ్జ్‌లో నాకు తెలిసినంతవరకు ఏవి ముందు చూడాలో చెబుతాను.